కరెంటు పెట్టించుకుని వచ్చాక

మా అత్తకు రోగం పోయిందని బెంగళూరు ఆసుపత్రిలో చెప్పిన రోజు, అత్తా నేనూ అక్కడి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాం. సంతోషంతోనే. గర్భసంచి మూతికి వచ్చిన క్యాన్సరు అది. కోబాల్టు మిషను కింద పడుకోబెట్టి చేసిన ఆ వైద్యాన్ని మావైపు అందరూ "కరెంటు పెట్టడం" అనేవాళ్లు. కరెంటు పెట్టించుకుంటే మనిషి బతుకుతుందన్నారు. మనిషి బతికింది. ఆ తర్వాత ఏముంటుందో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అడగాలని తెలిస్తే కదా.

డెబ్భైల చివరి మాట ఇది. మాది ఎమ్మిగనూరులో నేతగాళ్ల వీధి. నేను ఆస్పరి పక్క పల్లె నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చి మూడో ఏడు నడుస్తోంది. ఇంకా పిల్లల్లేరు. ఇంట్లో చంటిబిడ్డ లేదు కాబట్టి అత్త వెంట బెంగళూరు పోయి ఉండాల్సింది నేనే అని అందరూ అనుకున్నారు. అత్త మాత్రం అనుకోలేదు. "ఈ పిల్ల నాకేం సేస్తుంది, దానికే ఎవరన్నా సేయల్ల" అంది. అన్నా కూడా నన్నే తీసుకుని పోయింది.

మమ్మల్ని పిలుచుకుని రావడానికి మామ వచ్చాడు. రైల్లో ఆదోని దాకా బాగానే వచ్చాం. ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కిన కాసేపటికి అత్త నా మోకాలు గట్టిగా పట్టుకుంది. ముఖమంతా చెమట.

"బస్సు నిలపమను" అంది.

నేను లేచి కండక్టరును అడిగాను. "ఈడ స్టాపు లేదమ్మా, ఇంకా ముందరుండాది" అన్నాడతను. తర్వాత అత్త ముఖం చూసి గంట కొట్టాడు.

ఎండాకాలం. పత్తి కట్టె పీకేసిన నల్లరేగడి చేలు రెండు పక్కలా బీటలు వారి పడున్నాయి. ఒక చెట్టు లేదు, ఒక కంప లేదు. నేను మూటలోంచి దుప్పటి లాగి, దాని రెండు కొసలు పట్టుకుని నిలబడబోయాను. చేతులు చాల్లేదు. బస్సులోంచి ఒక ముసలామె దిగింది. ఒడినిండా కాకరకాయలు పెట్టుకుని ఎక్కిన మనిషి. ఆమె వచ్చి రెండో కొస పట్టుకుంది. బస్సు ఇంజను ఆడుతూనే ఉంది. లోపల ఎవరో "అందురూ అటు తిరగండప్పా" అనడం వినబడింది.

మళ్లీ ఎక్కినాక అత్త సీట్లో కూర్చోలేదు. చీర పాడైంది. ఊరొచ్చేదాకా కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. ముందు సీట్లో ఉన్న మామ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏం చేయాలో ఆయనకు తెలియలేదని నాకు చాలా ఏళ్లకు అర్థమైంది. ఆ రోజు మాత్రం కోపం వచ్చింది.

మా వీధి ఇళ్లన్నీ ఒక గోడను ఒకటి ఆనుకుని ఉండేవి. ముందు గదిలో నేలలో గుంట తీసి దించిన మగ్గాలు, వెనక గదిలో పొయ్యి, అంతే ఇల్లు. పెరడు లేదు, మరుగుదొడ్డి లేదు. ఒక్క మాకే కాదు, ఆ వీధిలో ఎవరికీ లేదు. ఆడవాళ్లం వెలుతురు రాకముందు ఒకసారి, పొద్దు మునిగాక ఒకసారి, నలుగురం కలిసి వీధి చివర కంపచెట్ల అవతలికి పోయేవాళ్లం. నేను కాపరానికి వచ్చిన వారంలోనే అత్త నాకు నేర్పిన మొదటి సంగతి వంట కాదు, నూలు పని కాదు. "పగలు నీళ్లు తక్కువ తాగు మ్మే. కడుపును మన మాట వినేట్ల పెట్టుకోవల్ల" అంది. అట్లా ముప్పై ఏళ్లుగా కడుపును తన మాట వినేట్లు పెట్టుకున్న మనిషి ఆమె.

ఇప్పుడు అది వినడం లేదు. పొద్దున్నే మొదలయ్యేది. జిగట, నెత్తురు, కడుపులో మెలిపెట్టి పిండే నొప్పి. వచ్చిందని తెలిసేలోపే వచ్చేది. మూత్రం పోస్తే మంట. పట్టపగలు చెంబు పట్టుకుని వీధి పొడుగునా నడవాలి. ఇళ్ల ముందు మగవాళ్లు పడుగు దారాలు సాగదీసి గంజి పెడుతుంటారు. వాళ్లు తలలు వంచుకునేవాళ్లు, నిజమే. కానీ తల వంచుకున్నారని కూడా తెలుస్తుంది కదా. కంపచెట్ల దగ్గర బండ్లు పోతుంటాయి, మేకలు కాసేవాళ్లు ఉంటారు. నేను కొంగు పరిచి అడ్డం నిలబడేదాన్ని. కొన్నిసార్లు అంత దూరం చేరేవాళ్లమే కాదు.

అత్త తినడం మానేసింది. మానేశానని చెప్పలేదు. గంజి గిన్నె ఇస్తే తీసుకునేది, నేను అటు తిరగ్గానే తూములో పోసేది. ఒక రోజు చూశాను.

"ఎందుకత్తా పారబోస్తాండావు?"

"తింటేనే కదా ఆ తిప్పలు. తినకుంటే లేదు."

"తినకుంటే ఎట్ల బతుకుతావు?"

"బతికినాను కదా. దాక్టర్లు బతికించినారు కదా" అని గోడవైపు తిరిగి పడుకుంది.

గుడ్డలు పెట్టుకునేది. మగ్గం మీద చివర మిగిలిన ముక్కలు, పాత పంచెలు. నన్ను ముట్టనిచ్చేది కాదు, తనే ఉతుక్కునేది. ఒకనాడు బండ దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. ఎత్తుకుని లోపలికి తెస్తే గంపలో ఉన్న నూలు కంటే తేలిగ్గా ఉంది. ఆ రోజు నుంచి ఉతకడం నా వంతైంది. నేను ఆ గుడ్డలు తీసుకునేటప్పుడు ఆమె కళ్లు మూసుకునేది. అసహ్యం నాకు లేదంటే అబద్ధం. మొదట్లో ముక్కుకు కొంగు కట్టుకోవాలనిపించేది, ఆమె చూస్తుందని కట్టుకోలేదు. తర్వాత అలవాటైంది. ఆమెకు మాత్రం అలవాటు కాలేదు.

ఇంకొకటి నన్ను బాగా కలచివేసింది. మగ్గానికి కావాల్సిన నూలు కండెలు రాట్నం మీద చుట్టడం మా ఆడవాళ్ల పని. అత్త నేను చుట్టిన ప్రతి కండెనూ బొటనవేలితో నొక్కి చూసేది. కాస్త వదులుగా ఉంటే నా ఒళ్లోకి విసిరేసేది. "మళ్లీ సుట్టు. మీ మామ నాడెలో పెడితే తెగి సస్తాది." ఇప్పుడు మంచం మీద నుంచే చేయి చాపి ఒకటి తీసుకుని, నొక్కకుండానే "బాగుండాయిలే" అంటోంది. అవి బాగాలేవు. ఆ రోజు నేను అన్నీ వదులుగానే చుట్టాను. ఆమె తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

మామ మగ్గం గుంటలో కూర్చుని, తల ఎత్తకుండా, "మీ యత్త తినిందా?" అనేవాడు. "లేదు మామా" అంటే పడుగులో అటూ ఇటూ పోయే నాడె ఆగేది. మళ్లీ నేయడం మొదలు. మా ఆయన కూడా అంతే. అత్త బాధ ఎక్కడుందో నోటితో చెప్పగల మాట వాళ్లిద్దరి దగ్గరా లేదు.

ఆదోనిలో ఒక డాక్టరు దగ్గరికి నేనూ మా ఆయనా మాత్రమే పోయాం, అత్తను తీసుకుపోయే దారి లేక. లోపలికి పిలిచాక మా ఆయన బయటే నిలబడిపోయాడు, నేనే చెప్పాను. డాక్టరు పెద్దాయన, ఓపికగా విన్నాడు. "కరెంటు పెట్టినప్పుడు రోగంతో పాటు పక్కన పేగు కూడా కాలుతుందమ్మా. పుండు మానల్ల. టైము పడుతుంది" అన్నాడు. జొన్నరొట్టె వద్దు, కారం వద్దు, పాలు వద్దు, మెత్తటి అన్నం పలచటి మజ్జిగలో పిసికి కొంచెం కొంచెంగా పెట్టమన్నాడు. మాత్రలు రాసిచ్చాడు.

"ఎన్నాళ్లకు తగ్గుతుంది సార్?"

"కొందరికి నెలల్లో తగ్గుతుంది. కొందరికి ఇంకా పడుతుంది."

"ఇంట్లో దొడ్డి లేదు సార్" అన్నాను. అది డాక్టరుకు చెప్పాల్సిన మాటో కాదో తెలియలేదు. ఆయన నావైపు చూసి పెన్ను కింద పెట్టాడు.

ఇంటికి వచ్చి ఇదంతా అత్తకు చెబుతుంటే మామ గుంటలోంచి విన్నట్టున్నాడు. మర్నాడు పొద్దున లేచేసరికి ఆయన తన మగ్గం గుంజలు పీకుతున్నాడు. మాకు రెండే మగ్గాలు. ఒకటి ఆయనది, ఒకటి మా ఆయనది. తన మగ్గం ఉన్న మూలలో గోడ కట్టి, సందువైపు చిన్న తలుపు పెట్టి, అత్తకు మరుగుదొడ్డి కడతాడట. ముందుగా ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. గడ్డపారతో గుంటను ఇంకా లోతుకు తవ్వుతున్నాడు. అత్త మంచం మీద లేచి కూర్చుంది. "నీకేమన్నా పిచ్చా? మగ్గం తీసి దొడ్డి కడతావా? లచ్చిమి ఉండే తావు" అని అరిచింది. బెంగళూరు నుంచి వచ్చాక ఆమె గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు. మామ తవ్వుతూనే ఉన్నాడు.

గడ్డపార చప్పుడుకు పక్కింటాయన వచ్చాడు. మామకు తమ్ముడి వరస, చెడ్డవాడు కాదు. అత్తను బెంగళూరు పంపేటప్పుడు రైలు దాకా మూటలు మోసినవాడు. గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు చూసి, మెల్లగా అన్నాడు.

"అన్నా, ఈ గోడకు అవతల మా దేవుని గూడు. దాని పక్కనే పొయ్యి. నీకు తెలవంది కాదు."

మామ ఆగాడు.

"వదిన బాధ నాకు తెలుసు. కానీ ఆ ఇల్లు నీదయింటే నువ్వు ఒప్పుకుంటావా? సెప్పు."

మామ గుంటలోనే నిలబడి ఉన్నాడు, నడుము దాకా. చేతిలో గడ్డపార. నేనైనా ఒప్పుకుని ఉండేదాన్ని కాదేమో. ఆ మనిషి వెళ్లిపోయాక మామ పైకి వచ్చి, చేతులు కడుక్కుని, వీధిలోకి పోయాడు. సాయంత్రం దాకా రాలేదు. గుంట కొన్నాళ్లు అట్లాగే తెరుచుకుని ఉంది. తర్వాత మట్టి పూడ్చి, మగ్గం మళ్లీ దించుకున్నారు.

దారి దొరికింది మేము అనుకోని చోట. మామ నేసిన చీరలు కొనే గుడ్డల వ్యాపారి ఆదోనిలో ఉండేవాడు. తురక ఆయన. మామ ఆయన్ని "భాయ్" అనేవాడు. సరుకు ఇవ్వడానికి పోయినప్పుడు ఆయన మామ ముఖం చూసి ఏమైందని అడిగాడట. మామ ఇంట్లో ఎవరికీ చెప్పని మాట ఆ అంగట్లో కూర్చుని చెప్పాడు. ఎట్లా చెప్పాడో, ఏ మాటలతో చెప్పాడో నాకిప్పటికీ తెలియదు. వాళ్లింట్లో ఆడవాళ్లు గడప దాటరు కాబట్టి లోపలే పాయిఖానా ఉంది. పక్కన ఒక చిన్న గది కూడా ఖాళీగా ఉంది. "పిలుసుకోని రా అన్నా. మా యమ్మ ఉండాది, సూసుకుంటాది" అన్నాడట.

అత్త ఒప్పుకోలేదు. మేము మాంసం ముట్టని వాళ్లం. ఆమె మంత్రాలయం పోయి వస్తే కూడా ఇంట్లో వండుకుని పోయిన సద్దే తినేది, బయట నీళ్లు కూడా తాగేది కాదు. "వాళ్లింట్లోనా, నేనా" అని రెండు రోజులు అదే మాట. మూడో నాడు మధ్యాహ్నం, ఇంకా ఎండ ఉండగానే, వీధి మధ్యలో ఆమెకు అయిపోయింది. ఇంటికి వచ్చి, నేను కాళ్లు కడుగుతుంటే, "సరే, పోదాం" అంది. ఎక్కడికని నేను అడగలేదు.

బాడుగ జీపులో పోయాం. ఆదోనిలో ఆ ఇల్లు పాతబజారు వెనక సందులో ఉంది. వ్యాపారి తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. తెల్లటి జుట్టు, నోట్లో రెండే పళ్లు. "రా బెహన్, రా. ముందు అది సూపిస్తాను, తర్వాత కూసుందువు" అని అత్త చేయి పట్టుకుని నేరుగా వెనక్కి తీసుకుపోయింది. రెండు రాళ్లు, ఒక తలుపు, తలుపుకు లోపల గొళ్లెం. వెనక సందులోంచి ఒక మనిషి వచ్చి ఎత్తిపోసేది, ఆ పని చేసేవాళ్ల గురించి ఆ రోజుల్లో ఎవరమూ ఆలోచించలేదు. అత్త లోపలికి పోయి గొళ్లెం పెట్టుకుంది. చాలాసేపు బయటికి రాలేదు. నాకు భయమేసి తలుపు తట్టాను. "ఏం లేదు. ఊరికే కూసున్నా" అంది లోపల నుంచి.

ఆ ఇంట్లో మేము వానాకాలమంతా ఉన్నాం. గదిలోనే కిరోసిను స్టవ్వు మీద నేను వేరే వండేదాన్ని. వాళ్లింట్లో మాంసం కూర వాసన వస్తే అత్త ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. ముసలమ్మ ఒకసారి చూసి, మర్నాటి నుంచి వంటింటి తలుపు మూసి వండించింది. ఒక రోజు నాకు జ్వరం వచ్చి లేవలేకపోయాను. ముసలమ్మ సగ్గుబియ్యం గంజి తెచ్చి అత్త ముందు పెట్టింది. "కొత్త గిన్నెలో కాసినా. బిస్మిల్లా అని తాగు, లేకుంటే నీ దేవుని పేరు సెప్పి తాగు, తాగితే సాలు" అంది. అత్త గిన్నెవైపు చాలాసేపు చూసింది. తర్వాత తాగింది. ఆ గంజి కడుపులో నిలిచింది.

అట్లా కొంచెం కొంచెంగా తినడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో తినడానికి భయం లేదు, అదే అసలు సంగతి. ముఖంలోకి నెత్తురు వచ్చింది. రోజుకు పోయేది తగ్గింది, పూర్తిగా ఆగలేదు. ఇద్దరూ పగలంతా వరండాలో కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. ఒకామె మాటల్లో సగం తురకం, ఇంకొకామె మాటల్లో సగం మగ్గం గొడవ. ఏం అర్థమయ్యేదో వాళ్లకు.

ఇక ఇంటికి పోవచ్చని అనుకుంటుండగా మళ్లీ నెత్తురు పడింది. ఈసారి ఎర్రగా, ధారగా. రోగం తిరిగి వచ్చిందనుకున్నాం. మామ కబురందుకుని వచ్చి, గుమ్మం అవతల చెప్పుల దగ్గరే కూర్చుండిపోయాడు. మళ్లీ బెంగళూరు పోవాలి. రైలు ప్రయాణం తట్టుకోవడానికి అత్త రెండు రోజుల ముందు నుంచే అన్నం నీళ్లు మానేసింది. నేను బతిమాలాను. వినలేదు. అంత కష్టపడి కూడగట్టుకున్న ఒళ్లు ఆ రెండు రోజుల్లో సగం కరిగిపోయింది.

ఆసుపత్రిలో ఈసారి కుర్ర డాక్టరు. బాగా పరీక్ష చేశాడు, ఇంకెవరినో పిలిచి చూపించాడు. ముఖం విప్పారింది. రోగం ఆనవాలు లేదు, ఈ నెత్తురు కరెంటు వల్ల వచ్చేదే, కొందరికి ఉంటుంది, మందు ఇస్తామని కన్నడంలో చెప్పాడు. "తుంబా చెన్నాగిదెయమ్మా" అని, అంతా బాగుందన్నట్టు అత్త భుజం తట్టాడు. ఇంకేమైనా బాధ ఉందా అని అడిగాడు.

గదిలో ఇంకా నలుగురు కుర్రవాళ్లు నిలబడి ఉన్నారు. అత్త "ఏం లేదప్పా" అంది.

నేను నోరు తెరిచాను. బల్ల కింద ఆమె నా చేయి పట్టుకుని గోళ్లు దిగేట్లు నొక్కింది.

బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగాను. "ఎందుకత్తా సెప్పనీలేదు?"

"ఆ పిల్లోడు ఎంత సంతోసపడినాడో సూసినావా? వానికి ఎందుకు సెప్పల్ల? సెప్తే మాత్రం ఏం సేస్తాడు?" అంది.

ఆ తర్వాత అత్త తొమ్మిదేళ్లు బతికింది. బెంగళూరు నుంచి మా వీధికే తిరిగి వచ్చి ఎట్లాగో నెట్టుకొచ్చాం. ఎనభైల్లో ఊరి బయట నేతగాళ్లకు కాలనీ ఇళ్లు వచ్చాయి. మాకూ ఒకటి వచ్చింది, వెనక లెట్రినుతో సహా. మాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. అత్త వాళ్లను ఆడించింది, కండెలు చుట్టింది, నన్ను తిట్టింది కూడా. కానీ ఆ ఇల్లు దాటి ఎక్కడికీ పోలేదు. జాతరకు పోలేదు, సొంత అన్న కూతురి పెళ్లికి గోనెగండ్లకు పోలేదు. ఆదోని ముసలమ్మ చనిపోయినప్పుడు చూడ్డానికి పోతానని చీర కట్టుకుంది, మళ్లీ విప్పి మడిచి పెట్టుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఎంత అదృష్టవంతురాలివమ్మా అనేవాళ్లు. అవునని తల ఊపేది.

అత్త చనిపోవడానికి ఏడాది ముందు, మా పాత వీధి నుంచి ఒకామె వచ్చింది. వాళ్ల తోడికోడలికి అదే రోగం. బెంగళూరు పొమ్మన్నారట. "కరెంటు పెడితే ఎట్లుంటాది పెద్దమ్మా? నువ్వు పెట్టించుకున్నావు కదా" అని అడిగింది. అత్త నన్ను తలుపు దగ్గరగా వేయమంది. నేను పక్క గదిలోనే ఉన్నాను. అన్నీ చెప్పింది. డాక్టరుకు చెప్పనివి, నాకు కూడా ఎప్పుడూ నోటితో చెప్పనివి. ఏం తినాలో, గుడ్డ ఎట్లా పెట్టుకోవాలో, తగ్గిందనుకున్నాక మళ్లీ నెత్తురు పడితే భయపడొద్దని.

"పోండి. పోతే బతుకుతాది. కానీ వచ్చినాక దొడ్డి ఉండే ఇంట్లో పెట్టుకోండి" అంది.

"మా ఇంట్లో యాడుండాది పెద్దమ్మా? నీకు తెలవదా మన వీధి" అంది ఆ మనిషి.



వాళ్లు బెంగళూరు పోలేదు. నాటుమందు ఏదో తిన్నారని, ఆరు నెలలకు ఆ తోడికోడలు చనిపోయిందని తెలిసింది. కబురు వచ్చిన రోజు అత్త అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. "నేను అంతా సెప్పకుండా ఉండల్సిందేమో మ్మే. ఊరికే బతుకుతాదని సెప్పింటే పోయుండురేమో" అంది.

కాదని చెప్పాలనుకున్నాను. అవునో కాదో నాకే తెలియలేదు. కంచం తీసి పక్కన పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాను.